డీజిలు లెక్క నా చేతికొచ్చాక

పాల లెక్క, చీటీల లెక్క, కిరాణా కొట్టు ఖాతా, పిల్లాడి ఫీజు... మా ఇంట్లో లెక్కలన్నీ నావే. ఒక్క బండి లెక్క మాత్రం మావారిది. ఎప్పుడన్నా "ఈ నెల డీజిలుకి ఎంతయిందండీ?" అని అడిగితే, "అయిందిలే ఎంతో కొంత" అనేవారు. మగవాళ్ళ వ్యవహారం కదా అని నేనూ ఊరుకునేదాన్ని. 2024 జూన్ దాకా అలాగే నడిచింది. ఆ నెలలో మా అత్తయ్యగారిని వైద్యానికి వేలూరు తీసుకెళ్ళి వచ్చాక, ఆ లెక్క కూడా నా పుస్తకంలోకి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో, వచ్చాక నేనేం నేర్చుకున్నానో చెబుతాను. మీ ఇంట్లోనూ డీజిలు బండి ఉంటే, లేదా తిరుపతికో శ్రీశైలానికో బండి మాట్లాడుకుని వెళ్ళే అలవాటు ఉంటే మీకు పనికొస్తుంది.

ఒక్క ట్యాంకు చాలదూ?

మాది చిలకలూరిపేట. ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు మీదుగా వేలూరు మాకు సుమారు 440 కిలోమీటర్లు. మాది పాత డీజిలు ఎర్టిగా. డీజిలు రకం తయారీ 2020లో ఆగిపోయింది కానీ మా బండి మాత్రం బాగానే తిరుగుతోంది. ట్యాంకులో 45 లీటర్లు పడుతుంది.

బయల్దేరే ముందు మావారు వేళ్ళమీద లెక్క చెప్పారు. "రానూ పోనూ 880. బండి లీటరుకి 24 ఇస్తుందని కొన్నప్పుడు కాగితంలో ఉంది. అంటే 37 లీటర్లు. ట్యాంకు నిండా కొట్టించేశాను. మధ్యలో బంకు మొహం చూసే పనే లేదు." నేను నమ్మాను. మిగతా డబ్బు మూడు కవర్లలో పెట్టాను. గది అద్దెకొకటి, తిండికొకటి, పరీక్షలకూ మందులకూ కలిపి ఒకటి.

మూడో రోజు ఆసుపత్రిలో పని ముగిసి, బండి ఎక్కి చూస్తే ముల్లు పావు దగ్గర ఉంది. ఇంటికి 440 కిలోమీటర్లు! మా మరిది "బండికేదో లోపం వచ్చింది" అన్నాడు. మావారు ఏమీ అనలేదు. నెలాఖరు. అందరి జేబులూ వెతికితే టోలుకీ టిఫిన్లకీ సరిపోయేంతే తేలింది. 25 లీటర్లకి 2,325 రూపాయలు మందుల కవరులోంచి తీశాను. డాక్టరుగారు రెండు నెలలకి రాస్తే నెలకే కొనుక్కొచ్చాం.

మిగతావి మా ఊళ్ళో కొనుక్కోవచ్చులే అనుకున్నాం. రెండు రకాలు దొరికాయి, ఒకటి దొరకలేదు. గుంటూరులో చెప్పి తెప్పించేసరికి అయిదు రోజులు ఆ మాత్ర లేకుండా గడిచాయి. అత్తయ్యగారికి ఏమీ కాలేదు. "నాకు బాగానే ఉందమ్మా" అని ఆవిడే నాకు ధైర్యం చెప్పారు. కానీ ఆ అయిదు రాత్రులూ ఆవిడ దగ్గినా, అటు నుంచి ఇటు దొర్లినా నేను లేచి కూర్చునేదాన్ని. డీజిలు లెక్క తప్పితే పోయేది డబ్బొక్కటే కాదని అప్పుడు తెలిసింది. ఇంకా అయిదుసార్లు వెళ్ళాలి, రెండు నెలలకోసారి. ఈసారి మందుల కవరు ముట్టుకోకూడదని పట్టుపట్టాను.

మన బండి నిజంగా ఎంతిస్తుంది?

కంపెనీవాళ్ళు చెప్పే మైలేజీ అబద్ధమని కాదు. దాన్ని పరీక్షశాలలో ఒక పద్ధతి ప్రకారం లెక్కగడతారు. అక్కడ మన రోడ్లుండవు, మన సామాన్లుండవు, పిల్లలు "ఏసీ పెంచు డాడీ" అనడం ఉండదు. కొనేటప్పుడు ఒక బండితో ఇంకో బండిని పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. ప్రయాణం ఖర్చుకి పనికిరాదు.

మరెలా? మా బండి చూసే మెకానిక్కు భాయిని అడిగాను. "చాలా తేలికక్కా" అని చెప్పాడు. గన్ను టక్కుమని దానంతట అదే ఆగేదాకా ట్యాంకు నింపించాలి. ఆగాక ఇంకో రెండు చుక్కలు అని కుక్కించకూడదు. అప్పుడు మీటరులో కిలోమీటర్ల అంకె రాసుకోవాలి. తరవాత మామూలుగా తిరగాలి. మధ్యలో కొట్టిస్తే ఆ లీటర్లు కూడా రాసుకోవాలి. మూడు నాలుగొందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అదే బంకులో, వీలైతే అదే గన్నుతో, అదే విధంగా నింపించాలి. తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగిస్తే అదే మన బండి అసలు మైలేజీ. ఒక్కసారి చూస్తే పొరపాటుండవచ్చు. రెండు మూడుసార్లు చూస్తే అంకె నిలకడగా తేలుతుంది.

మా మొదటి ప్రయాణానికి చీటీలు బయటికి తీశాను. వేలూరులో 25 లీటర్లు. ఇంటికొచ్చాక మళ్ళీ ట్యాంకు నింపిస్తే 39 లీటర్లు. మొత్తం 64. తిరిగింది 960 కిలోమీటర్లు. భాగిస్తే సరిగ్గా 15! ఖర్చు 6,108 రూపాయలు. మావారు వేసిన 37 లీటర్ల లెక్క ఎక్కడ, ఈ 64 ఎక్కడ? బండికి లోపమేమీ లేదు, లోపమంతా లెక్కలోనే ఉంది.

రానూ పోనూ అంటే రెట్టింపొక్కటే కాదు

880 కావలసింది 960 ఎలా అయింది? ఆ ఎనభై కిలోమీటర్లూ ఎక్కడ తిరిగామో తోచింది తోచినట్టు రాసుకున్నాను. గది కోసం తిరగడం, గది నుంచి ఆసుపత్రికి రోజూ రెండు పూటలు, మూడో రోజు గుడికి, చిత్తూరు దగ్గర దారి తప్పి వెనక్కి రావడం, టిఫిను కోసం ఊళ్ళోకి దిగడం. ఇలాంటివి ప్రతి ప్రయాణంలోనూ ఉంటాయి, ముందు లెక్కలో మాత్రం ఉండవు. అందుకని ఇప్పుడు దూరాన్ని రెట్టింపు చేశాక దానికి పదో వంతు కలుపుతాను. తీర్థయాత్రైతే ఇంకాస్త కలపాలి. "ఇంత దూరం వచ్చాం, ఆ గుడి కూడా చూసేద్దాం" అనేవాళ్ళు బండిలో ఒక్కరైనా ఉంటారు!

నెత్తిమీది బరువు

మొదటిసారి బండి మీద టాపు క్యారియరు బిగించి, పాతిక కిలోల బియ్యం బస్తా, కుక్కరు, ఇండక్షన్ పొయ్యి, రెండు పరుపులు, పచ్చళ్ళ డబ్బాలు ఎక్కించాం. పైన పట్టా కప్పి తాళ్ళు కట్టాం. దారంతా ఆ పట్టా పటపటా కొట్టుకుంటూనే ఉంది. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి తరవాత చెప్పాడు. "బరువు సంగతి అలా ఉంచమ్మా. ఆ మూట గాలికి ఎదురుగా గోడ కట్టినట్టు ఉంటుంది. హైవే మీద బండి చేసే పనిలో చాలా భాగం గాలిని తోసుకుంటూ పోవడమే" అని.

నిజమే కదా! వేలూరులో బియ్యం దొరకవా? మేం దిగిన లాడ్జీలో గిన్నెలూ పొయ్యీ అద్దెకే ఇచ్చారు. రెండోసారి క్యారియరు విప్పేసి ఇంట్లో పెట్టాం. సామానంతా లోపలే, వెనక సీటు మడిచి సర్దాను. కారంపొడి, ఒక పచ్చడి, అత్తయ్యగారి దిండు. మా తోడికోడలూ, మా అబ్బాయీ రాలేదు. నలుగురమే వెళ్ళాం.

క్యారియరు అవసరం లేనప్పుడు బండి మీద ఉత్తగా ఉంచినా గాలికి అడ్డమే. చాలామంది ఒకసారి బిగించి ఏడాదంతా అలాగే తిరుగుతారు. విప్పించడం పది నిమిషాల పని.

ఎనభైకీ నూరుకీ తేడా

ఇక్కడే మా ఇంట్లో అసలు గొడవ. "నెమ్మదిగా పోనివ్వండి" అంటే మావారికి కోపం. హైవే ఉన్నదెందుకు అంటారు. అప్పుడు మా అబ్బాయి ఇంకో లెక్క చెప్పాడు. వేగం ఎనభై నుంచి నూరుకి పెరిగితే పెరిగింది పావు వంతే. కానీ గాలి అడ్డు పావు వంతుతో ఆగదు, ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు అవుతుంది. ఆ అడ్డుని తోసుకుపోవడానికి కావలసిన డీజిలు మన జేబులోంచే రావాలి.

వంటింటి భాషలో చెప్పాలంటే, పప్పు ఉడుకు పట్టాక కూడా మంట పెద్దగానే ఉంచితే తొందరగా ఉడకదు, గ్యాసు మాత్రం అయిపోతుంది. బండి కొంతలో కొంత నయం, కాస్త తొందరగా చేరుస్తుంది. ఎంత తొందరగా అన్నదే చూసుకోవాలి.

రెండోసారి, 2024 ఆగస్టులో, మావారు నా మాట విని ఎనభై దాటకుండా నడిపారు. 954 కిలోమీటర్లకి 53 లీటర్లు. లీటరుకి 18! మూడోసారి, అక్టోబరులో, ఇంటి నుంచి ఆలస్యంగా కదిలాం. పొద్దున్నే ఆసుపత్రిలో ఉండాలని మా మరిది నూరు మీదే లాగించాడు. వచ్చేటప్పుడూ అదే జోరు. అదే బండి, అవే సామాన్లు, అదే నలుగురం. 950 కిలోమీటర్లకి 58 లీటర్ల పైన పట్టింది. లీటరుకి 16.3. వేగం ఒక్కదానికే అయిదు లీటర్లు, అంటే దాదాపు 500 రూపాయలు. మాకు హైవే బాగా ఉండేది చిలకలూరిపేట నుంచి నాయుడుపేట దాకా, 255 కిలోమీటర్లు. ఆ ముక్కలో ఎనభైతో వెళ్తే మూడు గంటల పదకొండు నిమిషాలు, నూరుతో వెళ్తే రెండు గంటల ముప్ఫై మూడు నిమిషాలు. మిగిలేది ముప్పావు గంట కన్నా తక్కువే. రానూ పోనూ కలిపితే గంటా ఇరవై నిమిషాలు.

ఆ గంటా ఇరవై నిమిషాలకి 500 పెట్టవచ్చా? ఒక్కోసారి పెట్టాల్సే వస్తుంది. పేషెంటుని తీసుకెళ్తున్నప్పుడు టైముకి చేరడమే ముఖ్యం. నేను చెప్పేదల్లా ఒకటే. చీర ధర అడిగి కొంటాం కదా, ఈ గంటని కూడా ధర తెలిసి కొనుక్కుందాం. పొద్దున అరగంట ముందు లేచి బయల్దేరితే అసలా బేరమే ఉండదు.

వేగంతో పాటు నడిపే తీరు కూడా చూడాలి. ముందు లారీ కనిపిస్తున్నా దాకా తొక్కి, దగ్గరికొచ్చి బ్రేకు వేయడం, మళ్ళీ తొక్కడం... వేసిన ప్రతి బ్రేకూ అంతకుముందు కాల్చిన డీజిలుని వృథా చేసినట్టే. దూరం నుంచే కాలు తీసేస్తే బండి దానంతట అదే నిదానిస్తుంది.

ఆగి ఉన్న బండి తాగే డీజిలు

మొదటిసారి వేలూరులో మేము లోపల డాక్టరు కోసం ఎదురుచూస్తుంటే, మా మరిది బండిలో ఏసీ వేసుకుని మూడు గంటలు నిద్రపోయాడు. కదలకుండా ఉన్నా ఇంజను తిరుగుతున్నంతసేపూ డీజిలు తాగుతూనే ఉంటుంది. ఏసీ కూడా ఉంటే మా బండిలాంటిది గంటకి ముప్పావు లీటరు దాకా తాగవచ్చునని మెకానిక్కు అన్నాడు. డబ్బు మాట అటుంచండి. అద్దాలు మూసుకుని ఇంజను ఆన్‌లో ఉంచి నిద్రపోవడం ప్రాణానికే ప్రమాదం. పొగలోని విషవాయువు లోపలికి చేరితే వాసన కూడా తెలియదు. ఇప్పుడు ఆ మరిదే చెట్టు కింద బెంచీ మీద పడుకుంటున్నాడు.

ఎర్ర లైటు దగ్గరా, రైల్వే గేటు దగ్గరా ఇంజను ఆపమని కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం శాఖ కింద 1978 నుంచి పనిచేస్తున్న పరిరక్షణ సంస్థ ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉంది. గేటు పడితే బండి ఆపి, దిగి కాళ్ళు చాచుకుంటే నడుముకీ మంచిది.

ఇక ఏసీ. ఊళ్ళో నెమ్మదిగా పోతున్నప్పుడు అద్దాలు దించితే డీజిలు కలిసొస్తుంది. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు అద్దాలు దించితే గాలి లోపలికి కొట్టి బండిని వెనక్కి లాగుతుంది. అక్కడ అద్దాలు మూసి ఏసీ వేసుకోవడమే మేలు. మరీ చలిపుట్టేంత పెట్టకుండా ఉంటే చాలు.

టైర్లలో గాలి బయల్దేరే ముందే చూపించాలి. అదీ చల్లగా ఉన్నప్పుడు. నలభై కిలోమీటర్లు పోయాక చూపిస్తే టైరు వేడెక్కి అంకె ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. బండి నిండా మనుషులుంటే ఎంత, తక్కువుంటే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. గాలి తక్కువైతే డీజిలు ఎక్కువ కావాలి, టైరూ తొందరగా అరుగుతుంది. ఎండాకాలంలో పేలిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఎక్కడ కొట్టించాలి?

2017 జూన్ 16 నుంచి దేశమంతటా పెట్రోలు, డీజిలు ధరలు ఏ రోజుకారోజు నిర్ణయించే పద్ధతి వచ్చింది. అదే ఏడాది జులైలో జీఎస్టీ వచ్చినా డీజిలుని అందులో చేర్చలేదు. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. అందుకే సరిహద్దు దాటితే ధర మారిపోతుంది. మేం తిరిగిన రోజుల్లో మా దగ్గర లీటరు 97 రూపాయల చిల్లర. తమిళనాడులో అంతకన్నా మూడు నాలుగు రూపాయలు తక్కువ.

రెండో ప్రయాణం నుంచి వేలూరులో తిరుగు ప్రయాణం రోజున ట్యాంకు నింపించడం మొదలుపెట్టాం. 28 లీటర్లు అక్కడ, మిగతా 25 ఇంటికొచ్చాక. మిగిలేది వందా నూటపది రూపాయలు. పెద్ద మొత్తమేం కాదు. కానీ దారిలో ఉన్న బంకే కాబట్టి కష్టమూ లేదు. రూపాయి తక్కువని పది కిలోమీటర్లు పక్కకి పోతే మాత్రం మూర్ఖత్వమే. రానూ పోనూ ఇరవై కిలోమీటర్లకి లీటరుకి పైగా డీజిలు అక్కడే కాలిపోతుంది.

బంకులో నేనే దిగి నిలబడతాను. ఒకసారి దారిలో ఒక బంకులో ముందు బండివాళ్ళ అంకె మీదే మాకు కొట్టబోయాడు. "బాబూ, సున్నా చూపించు" అన్నాను. చూపించాడు. అంతే, గొడవేమీ లేదు. మీటరులో సున్నా చూడటం, బిల్లు అడిగి తీసుకోవడం మన హక్కు. కొలత మీద అనుమానం వస్తే తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగవచ్చు. బంకుల్లో ఆ పాత్ర ఉండాలి. వెయ్యి, రెండువేలు అని గుండు అంకెకి కొట్టిస్తే మోసం చేస్తారని ఒక మాట ప్రచారంలో ఉంది. మెషిను సరిగా ఉంటే ఏ అంకెకైనా ఒకటే, సరిగా లేకపోతే ఏ అంకెకైనా నష్టమే.

ఈ పొదుపులు మాత్రం వద్దు

నాలుగోసారి, 2024 డిసెంబరులో, అత్తయ్యగారు కొంచెం తేరుకున్నారు. కొండకి వెళ్దామన్నారు. తిరుమల నుంచి దిగేటప్పుడు మా మరిది గేరు న్యూట్రల్‌లో పెట్టేశాడు. "ఊరికే దిగిపోతుంది వదినా, చుక్క డీజిలు కాలదు" అన్నాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి బ్రేకుల దగ్గర కాలిన వాసన. మావారు గట్టిగా అరిచి గేరులో వేయించారు.

మెకానిక్కు భాయికి చెబితే తలకొట్టుకున్నాడు. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోతుంది. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు తప్పవచ్చు. పైగా పొదుపూ లేదు! ఇప్పటి డీజిలు బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే, పల్లంలో ఇంజనుకి డీజిలు సరఫరా దానంతట అదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిలు కాలుతుంది. ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ డీజిలు ఎక్కువ కాల్చడమన్నమాట.

ట్యాంకు చివరి చుక్క దాకా నడపడం కూడా వద్దు. డీజిలు బండి పూర్తిగా ఖాళీ అయితే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. తరవాత డీజిలు పోసినా ఆ గాలి తీస్తేగానీ స్టార్టు కాకపోవచ్చు. రాత్రిపూట హైవే మీద ఆ పని ఎవరు చేస్తారు? ముల్లు పావు మీదికి రాగానే బంకు చూసుకోవాలి. సర్వీసింగు వాయిదా వేసి మిగిల్చేదీ పొదుపు కాదు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే ఇంజను లాగలేదు. 2020 ఏప్రిల్ తరవాత వచ్చిన బీఎస్ 6 డీజిలు బండ్లలో కొన్నిటికి యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయించాలి. మీ బండికి ఉంటే దాని ఖర్చూ లెక్కలో రాసుకోండి.

అద్దె బండైతే

"డీజిలు మాది, రోజు అద్దె, డ్రైవరు బత్తా వేరు" అన్న పద్ధతిలో మాట్లాడుకుంటే పైన చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. ఎక్కేటప్పుడే డ్రైవరుతో కలిసి బంకుకి వెళ్ళి ట్యాంకు నింపించండి. రీడింగు ఫోనులో ఫొటో తీసుకోండి. దిగేటప్పుడు మళ్ళీ అలాగే. "నీ బండి ఎంతిస్తుంది బాబూ?" అని ముందే అడిగి రాసుకుంటే చివర్లో మాటామాటా పెరగదు. కిలోమీటరుకి ఇంత అని మాట్లాడుకుంటే రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లకి డబ్బు కట్టాలో, బండి ఎక్కడ బయల్దేరిన దగ్గర్నుంచి మీటరు లెక్కో ముందే తేల్చుకోండి.

మీ లెక్క ఇలా వేసుకోండి

1. వెళ్ళే దూరం రెట్టింపు చేయండి. ఊళ్ళో తిరుగుడికి పదో వంతు కలపండి.
2. మీ బండి అసలు మైలేజీతో భాగించండి. ఘాటు రోడ్డుంటే, బండి నిండా మనుషులుంటే మైలేజీని రెండు తగ్గించి వేయండి.
3. వచ్చిన లీటర్లని ఆ రోజు ధరతో గుణించండి.
4. వచ్చిన మొత్తానికి ఇంకో పదో వంతు విడిగా పెట్టండి. మిగిలితే ఇంటికే వస్తుంది.
5. టోలు, పార్కింగు, బత్తా వేరే వరసలో రాయండి. ఫాస్టాగ్‌లో ఎంతుందో ముందురోజే చూసుకోండి.

ఉదాహరణకి హైదరాబాదు నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. రానూ పోనూ 430. పదో వంతుతో కలిపి 473, గుండుగా 480 అనుకుందాం. హైవే మీద 18 ఇచ్చే బండికి ఘాటు ఉంది కాబట్టి 16 వేయండి. 30 లీటర్లు. లీటరు 96 అయితే 2,880 రూపాయలు. చేతిలో ఇంకో మూడొందలు. ధర మారితే ఆఖరి అంకె ఒక్కటే మార్చుకోవాలి.

మందుల కవరు

మొదటిసారి 6,108 రూపాయలైన ప్రయాణం రెండోసారి 5,029కి వచ్చింది. వెయ్యి రూపాయలకి పైగా మిగిలింది. కానీ నాకు అంతకన్నా సంతోషం ఇంకోటి. బయల్దేరే ముందు నేను పుస్తకంలో 5,200 అని రాశాను. అయిన ఖర్చు దానికి దగ్గరగానే వచ్చింది. మందుల కవరు ఆసుపత్రి కౌంటరు దగ్గరే విప్పాను. రెండు నెలల మాత్రలూ ఒకేసారి సంచిలో పడ్డాయి. అత్తయ్యగారు ఆ సంచి ఒళ్ళో పెట్టుకునే ఇంటిదాకా వచ్చారు.

ఆరోసారి, 2025 ఏప్రిల్లో, ఆవిడ చాలావరకు కోలుకున్నారు. నడవగలుగుతున్నారు, కూర్చోగలుగుతున్నారు. మామూలుగానే లెక్క రాయబోతూ ఆగాను. ఈసారి వెళ్ళాల్సింది మేమిద్దరమే. ఇద్దరికోసం యాభై మూడు లీటర్లా? స్లీపరులో కింది బెర్తు దొరికింది. కాట్పాడిలో దిగి, అక్కడి నుంచి వేలూరుకి ఆటో. డీజిలుకి అయ్యేదాంట్లో సగం కూడా కాలేదు. నలుగురైదుగురు వెళ్ళేటప్పుడూ, మనిషి పడుకుని ప్రయాణం చేయాల్సినప్పుడూ బండి కావాలి. లేనప్పుడు లెక్కలో మొదటి ప్రశ్న "బండి అవసరమా?" అన్నదే. ఆ ప్రశ్న నాకు ఆరోసారికి గానీ తట్టలేదు.

ఇప్పుడు మావారు బంకుకి వెళ్ళొస్తే చీటీ తెచ్చి నా చేతిలో పెడతారు. వెనక రీడింగు కూడా ఆయనే రాస్తారు. మొన్న మా మరిది ఫోను చేసి, అరుణాచలం వెళ్ళాలనుకుంటున్నాం, డీజిలుకి ఎంతవుతుందన్నయ్యా అని అడిగాడట. మావారు ఫోను తెచ్చి నాకిచ్చారు.

"మీ వదినని అడుగు. ఆ శాఖ ఇప్పుడు ఆవిడది" అన్నారు.